చిన్నమ్మ విడిపించని పథ్యం

మా చిన్నమ్మ పోయింది. ఆ కబురు వచ్చినప్పుడు నేను హనుమకొండలో, పనిచేసే జిరాక్స్ షాపులో, ఏదో సంఘం వాళ్ల కరపత్రాలను కట్టలు కడుతున్నాను. ఫోన్‌లో చిన్నాయన ఒకటే మాటన్నాడు: "మీ చిన్నమ్మ కూసున్నకాడనే పోయింది బిడ్డా." పట్టపగలు, వాకిట్లో మిరప బస్తాకు వీపు ఆనించుకుని, మనవరాలి బట్టలు మడత పెడుతూ పోయిందట. పడుకుంటే ఊపిరాడదని ఆమె చాలాకాలంగా కూర్చునే నిద్రపోయేది. చావు కూడా ఆమెను కూర్చోబెట్టే తీసుకుపోయింది.

నేను వరంగల్ చేరి గల్లీలోకి మళ్లేసరికి ఆడవాళ్లు ఆమె కాళ్లకు పసుపు రాస్తున్నారు. ఒకామె లేస్తే ఇంకొకామె కూర్చుంటోంది. మొగుడు బతికుండగా పోయింది కాబట్టి ఆమె కాళ్లు ముట్టుకుంటే పుణ్యమట. "అదృష్టవంతురాలు, పసుపు కుంకుమతోని పోయింది." "గసొంటి సావు ఎవలకొస్తది?" అంటూ కళ్లకద్దుకుంటున్నారు. ఆ కాళ్లు నీరు పట్టి ఉబ్బి ఉన్నాయి. పసుపు రాసే వేళ్లు నొక్కిన చోటల్లా గుంట పడింది. పడిన గుంట మళ్లీ లేవలేదు. పాదం నుంచి పిక్క దాకా పచ్చటి గుంటలు. వాటిని కళ్లారా చూస్తూనే వాళ్లు అదృష్టం అంటున్నారు.

  యాభై నిండని మనిషి గుండె ఇక చేతగాక ఆగిపోతే అది అదృష్టమా?

"అదృష్టం గాదు, బీపీ! కాన్పుల వచ్చిన బీపీ!" అని అరిచాను.

"ఏయ్ పోరీ, పీనుగ ముందట నీ లెక్చర్ బందు వెట్టు," అందొక పెద్దామె.

"దానికి కాయితాలు సదివి సదివి మతి పోయింది, ఏమనుకోకుండ్రి," అని ఇంకొకామె నా తరఫున అందరికీ సర్దిచెప్పింది. పసుపు రాయడం ఆగలేదు.

అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. చదివేవాళ్లు ముందే తెలుసుకోవాలి, మా చిన్నమ్మ దేవత కాదు. దేవతను చేసి దండ వేస్తే మనకు పని తప్పుతుంది, అందుకే మనం ప్రతి ఆడదాన్నీ చచ్చిన మర్నాడు దేవతను చేస్తాం. ఆమె మిరప ముఠాలో కూలి. ఎండాకాలం మార్కెట్‌కు వచ్చే మిర్చిని కుప్ప పోసి, చుట్టూ కూర్చుని, రంగు పోయిన తాలుకాయను ఏరి పక్కన పడేసే ఆడవాళ్ల గుంపు అది. మీరు ఆ యార్డు పక్క నుంచి బస్సులో పోయినా తుమ్ముతారు. వాళ్లు పొద్దంతా దాని నడిమధ్యన ఉంటారు. ముక్కుకూ నోటికీ తువ్వాల, దవడలో బెల్లం ముక్క. ఎవరికైనా దగ్గు తెర వచ్చిందంటే మిగతావాళ్లు నవ్వి, "ఘాటెక్కింది దీనికి," అని ఇంకో బెల్లం ముక్క విసురుతారు. అక్కడ దగ్గు జబ్బు కాదు, హాజరు పలకడం.

ఆమె నోరు కూడా మిరపే. కొత్తగా వచ్చిన గుమాస్తా ఒకతను నెత్తి మీద నిలబడి "జల్దీ, జల్దీ" అంటుంటే, పిడికెడు తాలుకాయ అతని చేతిలో పోసి, "గివి జర నమిలి సూడు సార్, నీ కాళ్లు గుడ జల్దీ ఉరుకుతయ్," అందట. ముఠా అంతా ఆ ముచ్చట ఇప్పటికీ చెప్పుకుంటుంది. కళ్లు మాత్రం ఎప్పుడూ అరచేత్తో తుడుచుకునేది కాదు, మోచేత్తోనే. చేతులకు మిరప అంటని రోజుల్లో కూడా అంతే. నా పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు సంతోషం పట్టలేక ఏడుస్తూ మోచేయి తిప్పి కళ్లు తుడుచుకుంటే, చూసినవాళ్లు ఈమె ఎవరినో కొట్టబోతోందనుకున్నారు.

ఆమెకు ఒక్కతే బిడ్డ, నాకు చెల్లె. ఆ చెల్లె కడుపులో ఉన్నప్పుడు చిన్నమ్మకు బీపీ ఎక్కింది. కాళ్లు ఉబ్బాయి, మొహం ఉబ్బింది. తలకాయ పగిలేటంత నొప్పి, కళ్ల ముందు మిణుగురులు. "కడుపుతోనున్నోళ్లకు నీరు పట్టదా ఏంది," అన్నారు ఇంట్లో. చివరికి దవాఖానలో వేస్తే నెలలు నిండకముందే కాన్పు చేసి ఇద్దరినీ దక్కించారు. గోలీలు రాసిచ్చారు. పురుడు అయ్యేదాకా వేసుకుంది. ఆ తర్వాత ఎవరో పెద్దామె, "కాన్పు అయిపాయె, ఇంకెక్కడి బీపీ," అంది. మానేసింది. అప్పటి నుంచి మా ఇళ్లలో ఆ కథకు ఒకటే ముగింపు: "కాన్పుతోనే పోయింది." బీపీ ఏదో కిరాయికి వచ్చి, సామాను సర్దుకుని ఖాళీ చేసి పోయినట్టు. ఆ తరువాత ఇన్నేళ్లలో ఒక్కరు కూడా ఆమె చేతికి పట్టీ చుట్టి చూసిన పాపాన పోలేదు. చూడకుండానే పోయిందని అందరికీ తెలిసిపోయింది! మన ఇళ్లలో ఆడవాళ్ల జబ్బులు ఇలాగే నయమవుతాయి, ఎవరో ఒకరు నయమైందని అంటే చాలు.

కొన్నేళ్లకు ఆమెకు దగ్గు మొదలైంది. ముఠాలో బెల్లం ముక్క విసిరారు. పడుకుంటే దగ్గు, నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసం. గల్లీలోని డాక్టరు సిరప్పు ఇచ్చి, సూది వేసి, "మిరప ఘాటమ్మా, ఊపిరితిత్తులకు పట్టింది," అనేవాడు. మిరప ముఠా మనిషికి దగ్గు వస్తే ఇంకేం చెబుతారు? అందరికీ నచ్చిన జవాబు అది. ఆమెకు కూడా నచ్చింది. ఘాటంటే భయం ఉండదు కదా.

తర్వాత వానాకాలం వచ్చింది. యార్డులో మిర్చి లేదు. చిన్నమ్మ రఘునాథపల్లి దిక్కు వరినాట్లకు పోయేది. నడుము వంచితే దగ్గు, లేస్తే దగ్గు. ఆమెను తోలుకుని మళ్లీ ఆ డాక్టరు దగ్గరికి నేనే పోయాను. అదే సిరప్పు, అదే మాట. "సార్, మోకాలిలోతు బురదల నాట్లు వేస్తాంది. మిరపకాయ మొఖం చూడక నెలలైతాంది. ఘాటు ఎక్కడిది?" అన్నాను.

ఆయన నవ్వాడు. "నువ్వేమన్న డాక్టరీ చదివినవా అమ్మా?"

చదవలేదు. వానాకాలమేదో ఎండాకాలమేదో తెలుసుకోవడానికి డాక్టరీ చదవాలని కూడా నాకు తెలియదు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చిన్నమ్మ నా చెయ్యి గిల్లి బయటకు లాక్కొచ్చింది. "సారుతోని కొట్లాడితే సూది గట్టిగ పొడుస్తడే," అంది దగ్గుతూ.

ఒకరోజు ఎవరింటికో పోయి మెట్ల మధ్యలో కూలబడింది. అప్పుడు పెద్ద దవాఖానకు తీసుకుపోయాం, నేనూ చిన్నాయనా. అక్కడొక డాక్టరమ్మ, వయసులో నాకంటే మరీ పెద్దదేమీ కాదు, దగ్గు సంగతి విన్నాక మొదట గొంతు చూడలేదు. వంగి చిన్నమ్మ కాలు మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. ఆ గుంటను చూస్తూనే అడిగింది.

"కాన్పుల ఎప్పుడన్న బీపీ వచ్చిందా అమ్మా?"

"వచ్చింది మేడం. కాన్పుతోనే పోయింది."

"పోయిందని ఎవరు చెప్పిండ్రు?"

చిన్నమ్మ నా వైపు చూసింది, చిన్నాయన వైపు చూసింది. "అందరు."

"మల్ల ఎప్పుడన్న చూపెట్టుకున్నవా?"

"ఏంది మేడం?"

"బీపీ."

"పోయినదాన్ని ఏం జూస్తరు మేడం?"

డాక్టరమ్మ నవ్వలేదు. గుండె స్కానింగు తీయించింది. గుండె కొట్టుకునే బలం బాగా తగ్గిందనీ, అందుకే నీరు ఊపిరితిత్తుల్లో చేరి దగ్గు వస్తోందనీ చెప్పింది. "కాన్పుల బీపీ ఎక్కినోళ్లకు పిల్ల పుట్టినంక తగ్గినట్టే ఉంటది. మల్ల ఎప్పుడో చప్పుడు గాకుంట ఎక్కుతది, గుండెను తింటది. అందుకే ఏడాదికోసారన్న చూపెట్టుకోవాలె. నీకు ఆడపిల్ల ఉందా? తల్లికి వస్తే బిడ్డకు గుడ వచ్చే భయం ఉంటది. ఆమె కడుపుతోని అయితే మొదట్లనే తోల్కరా."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో చిన్నమ్మ అంది: "పోయిందనుకున్నం గని, లోపట్నే కూసున్నదట."

నాకు ఆ రోజు మా షాపు మీద కూడా అసహ్యం వేసింది. అక్కడ అచ్చయ్యే కరపత్రాలు నేను ఒక్కటీ వదలకుండా చదువుతాను. ధరల మీద, ఉద్యోగాల మీద, రోడ్ల మీద, నీళ్ల మీద. ఆడవాళ్ల దినం వస్తే అమ్మ గొప్పతనం మీద. కన్నతల్లి కడుపు గురించి కవితలున్నాయి, ఆమె గుండె గురించి ఒక్క ముక్క లేదు. నేనే కూర్చుని రాశాను, కాన్పులో బీపీ వచ్చినవాళ్లు ఆ తర్వాత కూడా గుండెను కాపాడుకోవాలని. అచ్చేసి యార్డులో పంచాను. మర్నాడు పోయి చూస్తే ముఠాలో ప్రతి ఒక్కరి ఒళ్లో అది ఉంది, బెల్లం పొట్లమై. చిన్నమ్మ నా మొహం చూసి, "మంచిగ రాసినవే బిడ్డా, బెల్లం అసలు అంటుకుంటలేదు," అంది. నేను మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆమె పద్ధతి వేరు. మందులు పడ్డాక కొంత తేరుకుంది. బరువు ఎత్తవద్దన్నారు కాబట్టి కూర్చుని చేసే పనికే పోయేది. ముఠాలో ఎవరైనా దగ్గితే బెల్లం అందేలోపు ఆమె చెయ్యి వాళ్ల కాలి మీదికి పోయేది. చీర కుచ్చిళ్లు జరిపి బొటనవేలితో నొక్కి, తువ్వాల లోపల నుంచే, "ఊఁ, నీది ఘాటే. నువ్వు బెల్లం తిను," అనేది. గుంట పడితే మాత్రం ఊరుకునేది కాదు. "నోరు మంచిగున్న అంటది, కాలు అసలు ముచ్చట చెప్తది. దవాఖానకు నడువు." కాళ్లు పట్టుకునే ఆమె అని ఎగతాళి చేసేవాళ్లు. "మీ మొగుళ్లు పట్టరు గద, నేనన్న పట్టనియ్యుండ్రి," అనేది. అన్నిసార్లూ ఆమె మాట నిజం కాలేదు. ఒకామెకు మోకాలి వాపు, ఇంకొకామెకు కాలి కడియం బిగుతు. అయినా ఆమె నొక్కడం మానలేదు.

ఉప్పు మానడం మాత్రం ఆమెకు ప్రాణం మీదికి వచ్చింది. చప్పిడి కూర ముందు పెట్టుకుని వండినవాళ్లనూ, పండించినవాళ్లనూ కలిపి తిట్టేది. ఆ వండింది తనే. భోజనం అయ్యాక మామిడికాయ తొక్కు జాడీ మూత తీసి, వాసన చూసి, మళ్లీ మూసేది. ఇంటికి వచ్చినవాళ్లు అది చూసి, "ఎంత ఓర్సుకుంటాందో పాపం, భూదేవి," అంటే ఆమెకు మండేది. "నన్ను మెచ్చుకోకుండ్రి, గా గూట్ల గోలీ తెచ్చియ్యుండ్రి." ఇప్పుడు ఆమె శవం దగ్గర కూడా అందరూ ఓర్పునే మెచ్చుకున్నారు. ఓర్పు! కాళ్లుబ్బితే ఓర్చుకో, తలనొస్తే ఓర్చుకో, ఊపిరాడకపోతే ఓర్చుకో. ఓర్చుకున్నదాని మీద పసుపు పోసి పొగుడుకునే ఈ ఆచారాన్ని చూస్తే నాకు వాంతి వస్తుంది.

చెల్లెను పరకాలకు ఇచ్చారు. నెల తప్పిందని కబురు రాగానే చిన్నమ్మ తన ఆయాసంతోనే బస్సెక్కి పోయి, బిడ్డను వెంటబెట్టుకుని నేరుగా ఆ డాక్టరమ్మ ముందు నిలబెట్టింది. మొదటి నుంచీ చూపించుకున్నారు కాబట్టి ఆఖరి నెలల్లో బీపీ ఎక్కినప్పుడు వెంటనే దొరికింది. గోలీలు పడ్డాయి. తొలి కాన్పు తల్లిగారింట్లోనే కదా, వరంగల్‌లోనే అయింది. ఆడపిల్ల. డాక్టరమ్మ చెల్లె గుండెకు కూడా స్కానింగు తీయించి, ఇప్పటికి మంచిగానే ఉందని చెప్పింది. "కాన్పు అయిందని భయం పోదు. పోయినంక గుడ ఎక్కుతది. పాలిచ్చే తల్లులకు ఇచ్చే గోలీలే ఇస్తున్న. నేను చూసి చెప్పేదాక బందు చెయ్యొద్దు." స్కానింగు సంగతి కాదు గాని, ఈ గోలీల మాటంతా చెల్లె అత్త పక్కనే నిలబడి విన్నది.

విన్న ఆమే, పురుడు నాడు మళ్లీ వచ్చింది. చెడ్డ మనిషి కాదు. నవ్వు మొహం, పిల్లకు సంచినిండా గౌన్లు తెచ్చింది. చెల్లె చేతిలో గోలీ చూసి ఆగిపోయింది.

"గిదేంది వదినె, కాన్పు అయి ఇన్నొద్దులాయె. ఇంకా బీపీ గోలీ ఏస్తాన్రు?"

"దాక్టరమ్మ ఏయమన్నది వదినె," అంది చిన్నమ్మ.

"దాక్టర్లు అట్లనే అంటరు. పాలల్ల దిగుతది, పిల్లకు పడదు. మా వాడు కడుపులున్నప్పుడు నాకు గుడ వచ్చె బీపీ. కాన్పుతోనే పోయె."

మళ్లీ ఆ మాటే. నేను నోరు తెరవబోయాను. చిన్నమ్మ నా వైపు ఒక చూపు చూసి, ఏమీ జరగనట్టు పిల్ల ఉయ్యాల ఊపుతూ అంది:

"బీపీకి గాదు వదినె, పథ్యం. మా దిక్కు బాలింతకు పొద్దుగాల కాయం ఉండ మింగిచ్చినంక గోలీ ఏస్తం. నడుమ తప్పితే పాలు ఎండుతయ్."

"అట్లనా? మా దిక్కు లేదు."

"ఒక్కొక్క దిక్కు ఒక్కొక్క పథ్యం."

"ఇగ పథ్యమంటె పథ్యమే," అని ఆమె ఊరుకుంది. డాక్టరు మాటకు లేని విలువ పథ్యానికి వచ్చింది. నేను పళ్లు కొరుక్కుంటున్నాను. చిన్నమ్మ మాత్రం అంతటితో ఆగలేదు.

"ఏదీ వదినె, జర కాలు ఇటియ్యి."

"నా కాలెందుకు?"

"ఇయ్యరాదు."

నొక్కింది. గుంట పడింది. వియ్యపురాలు గబుక్కున చీర దించుకుని నవ్వింది. "పొద్దటి సంది బస్సుల కూసుంటి, ఉబ్బదా!"

"బస్సుల కూసున్నోళ్లందరికీ గుంట పడదు వదినె. ఒక్కసారి సూపెట్టుకో," అంది చిన్నమ్మ. ఆమె కూడా నవ్వుతూనే అంది. ఇద్దరి నవ్వుల్లో ఆ మాట పోయింది.

ఆమె బస్సెక్కిపోయాక నేను చిన్నమ్మ మీద పడ్డాను. నాకు ఇలాంటివి సహించవు. మా దిక్కు పసిరికలకు, అంటే కామెర్లకు, పసరు పోసే మనిషి ఉంటాడు. పథ్యం ఆయనే పెడతాడు, ఆయనే విడిపిస్తాడు. అడ్డం వచ్చి విడిపించినవాళ్లకు ఆ పాపం చుట్టుకుంటుందని భయం. బాలింత పథ్యమూ అంతే, తల్లి పెడుతుంది, తల్లే ఒకరోజు తన చేత్తో ముద్ద పెట్టి విడిపిస్తుంది. ఈ చీకటిలోకి తీసుకుపోయి చిన్నమ్మ డాక్టరమ్మ గోలీని దాచింది.

"అబద్ధం ఎందుకు చెప్పినవ్? గుండె కోసమని చెప్పొచ్చు గదా."

"గుండె అని చెప్తె ఏమైతదో ఎరికేనా? కోడలికి గుండె జబ్బంట అని పరకాల బస్టాండు దాక పోతది ముచ్చట. పిల్ల కావాలె వాళ్లకు, రోగమద్దు. రేపు బిడ్డను ఇక్కడనే ఇడిసిపెడ్తె నీ కరపత్రం సాకుతదా?"

"వాళ్ల నోళ్లకు భయపడి వచ్చే జబ్బును దాస్తవా? నిజం చెప్పేటోళ్లు లేకనే గదా నువ్విట్ల అయినవ్!"

ఆమె దగ్గింది. దగ్గు తగ్గేదాకా మోచేత్తో కళ్లు ఒత్తుకుని, మెల్లగా అంది: "నీ నిజం నువ్వు జెప్పు బిడ్డా, నేను అడ్డం రాను. నా అబద్ధం జోలికి నువ్వు రాకు."

"మరి పథ్యం అయిపోయిన్నాడు? పథ్యంతోపాటు గోలీ గుడ పాయె గదా?"

"అప్పటికి నేనుంట గద," అంది చిన్నమ్మ.

ఉండలేదు.

దినాలు అయిన మర్నాడు చెల్లె అత్త ఆటో తెచ్చింది. తల్లి లేని ఇంట్లో బాలింతను ఎట్లా ఉంచుతామని, తీసుకుపోతానంది. అందులో తప్పేం లేదు. చిన్నాయన ఒక మూల గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చెల్లె ఒళ్లో పిల్ల. అత్త వచ్చి చెల్లె తలకు కట్టిన గుడ్డ విప్పింది, చెవుల్లో పత్తి తీసింది.

"ఇగ పథ్యం గిత్యం అన్ని ఇక్కడనే ఇడిసిపెడుదాం బిడ్డా. మా ఇంట్ల అన్ని తిను, మంచిగుండు. గా గోలీలు గుడ గూట్లనే ఉండనియ్యి."

నా నెత్తురు మరిగింది. "అత్తమ్మా, అది పథ్యం గాదు. డాక్టరమ్మ చెప్తుంటే నువ్వు పక్కనే ఉన్నవ్. బందు చేస్తే మల్ల ఎక్కుతది, అప్పుడు..."

"నీ పెండ్లి కానీ, నువ్వొకదాన్ని కనీ, అప్పుడు చెప్పు నాకు."

గుండె అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. చెల్లె తల ఎత్తి నన్ను చూసింది. అచ్చం వాళ్లమ్మ చూపే. నేను ఆ మాటను మింగాను. మింగుతుంటే చేదుగా ఉంది.

చెల్లె పిల్లను భుజం మీద వేసుకుంటూ, ఏదో మామూలు సంగతి అడిగినట్టు అడిగింది: "అత్తమ్మా, పథ్యం అమ్మ పెట్టింది గద?"

"అవు బిడ్డా."

"అమ్మ విడిపియ్యలే."

"అమ్మ లేదాయె."

"గదే. పెట్టినామె విడిపియ్యకుంటనే పోయింది. ఇప్పుడు ఎవరు విడిపిస్తరు? మీరు విడిపిస్తరా?"

పత్తి పట్టుకున్న అత్త చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆమె గోడ మీద కొత్తగా తగిలించిన ఫోటో వైపు ఒకసారి చూసింది. "నేనెట్ల విడిపిస్త? నాకెందుకమ్మా ఆ ఉసురు."

"అమ్మ ఒక మాటన్నది. నాకేమన్న అయితె పథ్యం దాక్టరమ్మనే విడిపిస్తది, నెలనెలా ఆమె దగ్గరికి పోతనే ఉండు అన్నది."

ఆ మాట చిన్నమ్మ నిజంగా అన్నదో, చెల్లె అక్కడికక్కడ అల్లిందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను అడగలేదు.

అత్త ఆ పత్తిని మళ్లీ చెల్లె చేతికి ఇచ్చింది. గూట్లో ఉన్న గోలీలు తీసి తన కొంగున ముడి వేసుకుంది. "తోల్కొస్త తియ్. పథ్యమంటె పథ్యమే. ఆమె ఆత్మకు మనం అడ్డం పోవద్దు."

నాకు సంతోషం కలిగిందని రాస్తే అబద్ధం అవుతుంది. చెల్లెకు గోలీలు దొరికాయి, నెలనెలా డాక్టరమ్మ చూస్తుంది, అంతవరకు నాకు చాలు. కాని అసహ్యం పోలేదు. ఒక డాక్టరమ్మ చదివిన చదువు చాలలేదు. ఎదురుగా ఒక ఆడమనిషి ఊపిరాడక చచ్చిపోవడం చాలలేదు. చచ్చినామె ఉసురు తగులుతుందన్న భయం కావలసి వచ్చింది. బతికున్నప్పుడు ఆమె మాట వినని ఊరు, ఆమె ఫోటోకు భయపడి వింటుంది. ఇలాంటి గెలుపు ఎవరికి కావాలి? చిన్నమ్మకు కావాలి. ఆమె ఉంటే, "గెలిచినం గద, ఇగ మూతి ముడుసుడెందుకే," అని ఉండేది. నేను కొత్త కరపత్రం రాస్తున్నాను. ఈసారి బెల్లం అంటుకునే కాగితం మీదే అచ్చేయిస్తాను.

సామాను ఎక్కించాం. చెల్లె పిల్లతో లోపలి వైపు కూర్చుంది, అత్త ఈ వైపు. ఆటో కదలబోతూ ఆగింది, ముందు ఏదో బండి అడ్డం. చెల్లె ఆ వైపు తిరిగి పిల్లకు పాలిస్తోంది. నేను గడపలో నిలబడి ఉన్నాను. అత్త నన్ను చూడలేదు. ఆమె అటూ ఇటూ చూసి, కొంగు ముడిని ఒళ్లోకి లాక్కుని, మెల్లగా వంగింది. చీర అంచు కొంచెం ఎత్తింది. తన కాలి మీద, చీలమండకు పైన, బొటనవేలితో నొక్కింది. తీసి, తల దించి, అక్కడే చూస్తూ ఉండిపోయింది.

ఆటో మలుపు తిరిగింది. గుంట లేచిందో లేదో నాకు కనిపించలేదు.